ఆషాఢం మట్టి

ఇటు రండి, దగ్గరగా జరిగి కూర్చోండి. ఆ ఫ్యాను కాస్త తగ్గించండమ్మా, నా గొంతు అందరికీ అందాలి. ఆ తలుపు దగ్గర కూర్చున్న పిల్లా, నువ్వు కూడా. ఇది సుద్దేరు కథ. మీరు ఇవాళ ఈతలు కొట్టే సుద్దేరు కాదు, చచ్చి పడున్న సుద్దేరు. దాన్ని లేవదీసిన హైమ కథ. ఊళ్ళో వాళ్ళు ఈ కథని అటూ ఇటూ మార్చి చెబుతారు. నేను జరిగింది జరిగినట్టు చెబుతాను, వినండి.

సుద్దేరు పేరుకి ఏరేగాని, ఆ రోజుల్లో దాని పక్కనుంచి పోయేవాళ్ళు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళు. ఏటికి రెండు పక్కలా పూర్వం బాడవలుండేవి. బాడవంటే పల్లపు నేల. వానాకాలంలో నీళ్ళు నిలిచి, తుంగా జమ్మూ పెరిగి, కొంగలు గూళ్ళు కట్టి, గేదెలు మెడ దాకా మునిగి పడుకునే నేల. వాటన్నిటికీ గట్లు వేసి రొయ్యల చెరువులు చేసేశారు. అడ్డంగా ఉన్నాయని ఏటి వంపులన్నీ తీసేసి, ఏటిని తాడు లాగినట్టు తిన్నగా లాగేశారు. వంపు లేని ఏరు వానొస్తే ఊళ్ళ మీద పడేది, వాన వెళ్ళిపోతే నల్లటి బురదై కంపు కొట్టేది. రొయ్యలకి తెగులు తగిలి చెరువులు కూడా బీడు పడ్డాక, అప్పుడు గుర్తొచ్చింది అందరికీ, మనకో ఏరుండేదని.

మళ్ళీ వంపులెక్కడ పెట్టాలి, ఏ గట్టు తెంచాలి, ఏ బాడవకి నీళ్ళు వదలాలి అని పెద్ద పెద్ద వాళ్ళు పటాలు గీశారు. గీసిన గీతల ప్రకారం తవ్వించారు కూడా. ఒక్క గట్టి వానకి ఏరు ఆ గీతలన్నీ చెరిపి పారేసేది. ఏటికి పటం చదవడం రాదు కదా.

అప్పుడొచ్చింది హైమ నాచు.

హైమ లాకుల దగ్గరి పాత బంగళాలో ఉండేది. మొగుడు వీరభద్రం పైన ఆనకట్ట మీద ఇంజనీరు, ఆదివారాలు మాత్రమే ఇంటికొచ్చేవాడు. ఇంట్లో అత్తగారు తులశమ్మ, మరిది శేషగిరి. బంగళా పక్కనే రేకుల షెడ్డు. అదే హైమ ప్రయోగశాల. అందులో ఆవిడ ఏళ్ళ తరబడి పెంచింది ఆ నాచుని. చూడటానికి మామూలు పాచిలాగే ఉండేది, పట్టుకుంటే గోరువెచ్చగా ఉండేది. దాని గొప్పంతా ఏమిటంటే, తనకి నచ్చిన చోట దట్టంగా పెరిగి బురదని గట్టులా పట్టుకునేది. నచ్చని చోట ముడుచుకుపోయి మట్టిని వదిలేసేది, నీళ్ళు ఆ మట్టిని కోసుకుపోయేవి. ఎక్కడ వంపు తిరగాలో, ఎక్కడ నిలవాలో అలా ఏ రోజుకారోజు అదే ఏటికి చెబుతుందన్నమాట.

మరి దానికి ఏది నచ్చాలో ఎవరు చెబుతారు? చెయ్యి చెబుతుంది. తొట్టిలో నాచు వేసి, ఒక చోటి మట్టి కలిపి, మనిషి అందులో చెయ్యి పెట్టి కూర్చోవాలి. మనకి ఒకటి నచ్చితే ఒకలాంటి చెమట, నచ్చకపోతే ఒకలాంటి చెమట పడుతుందట. మనకే తెలియనంత సన్నటి చెమట. నాచు దాన్ని రుచి చూసి నేర్చుకునేది. హైమ సుద్దేరు సముద్రంలో కలిసే మొగ దగ్గర పుట్టింది. బతికున్న ఏటిని చిన్నప్పుడు చూసిన మనిషి. మంచి మట్టి ఏదో, మందులు పీల్చిన మట్టి ఏదో ఆవిడ చేతికి తెలుసు. అందుకని ఆవిడ చెయ్యే పెట్టాలని నిర్ణయం.

నేర్చిన నాచుని ఏట్లో వెయ్యడం పాలల్లో తోడు వేసినట్టే. గరిటెడు వేస్తే ఏరంతా అదే అవుతుంది. తోడుకున్నాక ఇంక మార్చడానికి లేదు. పులిసిన తోడు వేస్తే పెరుగంతా పులుపే కదూ, అలాగన్నమాట. ఈ సంగతి బాగా మనసులో పెట్టుకోండి.

ఇప్పుడు శేషగిరి సంగతి చెప్పాలి. హైమ కాపురానికొచ్చేసరికి ఆ పిల్లాడికి పాలపళ్ళు ఊడుతున్నాయి. తులశమ్మకి అప్పట్లో ఏదో పెద్ద జబ్బు చేసి మంచం దిగలేకపోయేది. దాంతో తలంటడం దగ్గర్నుంచి లెక్కలు చెప్పడం దాకా అన్నీ వదినే. హైమకి పిల్లలు కలగలేదు. ఎవరన్నా జాలిగా మొహం పెడితే, "మా శేషుగాడు లేడూ!" అనేది. వాడూ అంతే. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే "వదినా!" అని ఒక్క కేక. పెద్దయ్యాక వదిన దగ్గరే షెడ్డులో పనికి కుదిరాడు. ఏటి పొడుగునా తిరిగి, ఊరూరి మట్టీ డబ్బాల్లో తెచ్చి ఇవ్వడం వాడి పని.

ఆ తిరగడంలోనే కొంగలదిబ్బ తాయారుని చూశాడు. ఏటి ఎడమ ఒడ్డున, పూర్వం ఏరు పెద్ద వంపు తిరిగిన చోట ఉండేది కొంగలదిబ్బ. తాయారు పటాలు గీసే చదువు చదివి, ఎండిపోయిన బాడవలు కొలవడానికి వచ్చిన పిల్ల. గలగలా మాట్లాడేది, పెద్దగా నవ్వేది. వైశాఖంలో పెళ్ళైపోయింది. హైమే దగ్గరుండి చేసింది, పెళ్ళికూతురికి పుస్తెల తాడు కూడా తనే ఎంచింది. ఎవరూ ఒక్క వంక పెట్టడానికి లేకుండా చేసింది.

తరవాతే మొదలైంది. శేషు గుమ్మంలో చెప్పులు విడుస్తూ "తాయారూ!" అని కేకేశాడు ఒకరోజు. ఏముంది అందులో? పెళ్ళాన్ని పిలుచుకున్నాడు. కానీ వంటింట్లో హైమ చేతిలో గరిటె ఆగిపోయింది. "వస్తున్నా" అనబోయి, నోట్లోకి వచ్చిన మాట మింగేసింది. ఇంకోరోజు వాడు, "వదినా, ఈసారి పులుసు తాయారుని పెట్టనీ" అన్నాడు. తాయారు పెట్టింది. బాగుంది. అదే హైమకి బాగులేదు.

"ఎలా ఉందక్కా?" అని అడిగింది తాయారు.

"బాగుంది. చింతపండు కాస్త ఎక్కువైనట్టుంది, అంతే."

"ఎక్కువైతేనే బాగుందిలే," అంటూ శేషు రెండోసారి పోసుకున్నాడు, జుర్రుమని చప్పుడు చేస్తూ. ఆ చప్పుడు ఆ రాత్రంతా హైమ చెవుల్లో ఉండిపోయింది.

జ్యేష్ఠం వెళ్ళింది, ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో కొత్త కోడలు పుట్టింట్లో ఉండాలి, కొత్త అల్లుడు అత్తారి గడప తొక్కకూడదు. తాయారు పెట్టె సర్దుకుని కొంగలదిబ్బ వెళ్ళింది. పెళ్ళిళ్ళూ పేరంటాలూ లేని నెల, పిలుపులుండవు, పని చెడదు అని నాచుకి నేర్పడానికి కూడా ఆషాఢమే పెట్టుకున్నారు. అంతమంది చదువుకున్నవాళ్ళు కూర్చుని పెట్టిన ముహూర్తం అది. ఎవరికీ తట్టలేదు, అందులో ఉన్న చిక్కు.

మొదట్లో హైమకి పండగలాగే ఉంది. ఇల్లు మళ్ళీ పాత ఇల్లయింది. పొద్దున్నే శేషు డబ్బాలు దించేవాడు, హైమ తొట్టి ముందు పీట వేసుకుని, గాజులు పైకి తోసి, చెయ్యి లోపల పెట్టేది. ఏటి మొగ దగ్గరి మట్టి పెడితే ఆవిడకి వాళ్ళమ్మ తుంగచాప వాసన వచ్చేది. నాచు దట్టంగా పచ్చబడేది. మందుల చెరువు మట్టి పెడితే ఒళ్ళు జలదరించేది. నాచు ముడుచుకుపోయేది. నాచుపిల్ల ఎంత తొందరగా నేర్చుకుంటోందో చూసి మురిసిపోయేది.

అప్పుడు శేషు ఒక డబ్బా తెచ్చాడు. "వదినా, కొంగలదిబ్బ మట్టి!"

కొత్త చొక్కా వేసుకున్నాడు. మొహం వెలిగిపోతోంది. ఇంకో రెండు రోజులకి మళ్ళీ అదే డబ్బా.

"మళ్ళీనా? మొన్నేగా తెచ్చావు!"

"అది తూరుపు పక్కది వదినా. ఇది పడమటి పక్కది."

"మరి రేపు?"

"రేపు..." అని బుర్ర గోక్కున్నాడు. "రేపు మధ్యది."

వసారాలో బియ్యం ఏరుకుంటున్న తులశమ్మ పకపకా నవ్వింది. "ఒరేయ్, మీ అత్తారి ఊరి మట్టంతా మోసుకొచ్చేస్తే, వాళ్ళు నిలబడ్డానికి చోటుండాలి కదరా!"

"గడప తొక్కలేదమ్మా, ఒట్టు! గట్టు మీదే నిలబడ్డాను."

"గట్టు మీదకి ఎవరొచ్చారు మరి?"

వాడు సిగ్గుపడి పారిపోయాడు. ఆ పూట హైమ పొద్దున్నే మునగాకు కోయించి, కూర్చుని రెబ్బ రెబ్బా దూసి, వాడికిష్టమని కొబ్బరి వేసి వేయించింది. కంచం పెట్టి పిలిస్తే, "ఆకలి లేదు వదినా, అక్కడ తిన్నాను. తాయారు కొరమేను పులుసు గిన్నెతో గట్టు మీదకే తెచ్చింది" అన్నాడు. అని, జేబులోంచి రుమాలు తీసి మూతి తుడుచుకున్నాడు. రుమాలు మూల ఎర్రదారంతో చిన్న కొంగ కుట్టి ఉంది.

హైమ మునగాకు గిన్నె మీద మూత పెట్టింది. షెడ్డులోకి వెళ్ళి, కొంగలదిబ్బ మట్టి తొట్టిలో కలిపి, చెయ్యి పెట్టి కూర్చుంది. మట్టి ఎంత మెత్తగా ఉందంటే, ఒక్క పుల్ల లేదు, ఒక్క నత్తగుల్ల లేదు. ఎవరో కూర్చుని చేత్తో పిసికి ఏరినట్టుంది. చెయ్యి వేడెక్కింది. మెడ దాకా వేడెక్కింది. నాచు మెల్లిగా, చాలా మెల్లిగా ముడుచుకుంది.

ఆషాఢం అంతా ఆ ఊరి మట్టే ఎక్కువ సార్లు వచ్చింది మరి. వచ్చిన ప్రతిసారీ ఆ చెయ్యి అలాగే వేడెక్కింది.

శ్రావణంలో తాయారు తిరిగొచ్చింది, సారె కావిళ్ళతో, నవ్వులతో. అదే వారంలో నమూనా మీద నాచుని వదిలారు. షెడ్డు వెనకాల సిమెంటు చేసిన పెద్ద నేల మీద ఏటిని చిన్నది చేసి కట్టారు. ఊరూరి మట్టీ ఎక్కడిది అక్కడ పోశారు, ఊళ్ళకి గుర్తుగా చిన్న చిన్న పెంకులు పెట్టారు. కొంగలదిబ్బ మట్టి మాత్రం శేషు తెచ్చిన డబ్బాల్లో మిగిలిందే పోశారు. పథకానికి పెద్ద అయిన సదాశివంగారు పట్నం నించి వచ్చి కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఇక్కడ నాచు ఏ దారి తీస్తే, భాద్రపదంలో ఆనకట్ట నీళ్ళు వదిలినప్పుడు అసలు ఏటికి అదే దారి. పటం ఆ రోజే ఖాయం.

నీళ్ళు వదిలారు. అమ్మా, ఏం చెప్పను! చూస్తుండగానే నాచు పాకింది. తిన్నటి కాలువ మెలికలు తిరిగింది, పల్లాల్లో నీళ్ళు నిలిచాయి, ఎండిన బాడవలు ఒక్కొక్కటే తడిశాయి. చూస్తున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. సదాశివంగారు లేచి నిలబడిపోయారు.

కొంగలదిబ్బ వంపు దగ్గరకొచ్చేసరికి నాచు ఆగింది. ముడుచుకుంది. గిట్టనివాళ్ళు ఎదురైతే మనం మొహం తిప్పుకోమూ, అలా నీళ్ళు కుడి ఒడ్డుకి తిరిగి వెళ్ళిపోయాయి. ఊరి గుర్తుకని తాయారు పెట్టిన నీలం పెంకు పొడి మట్టిలో ఒంటరిగా ఉండిపోయింది.

"అక్కడ అడుగున ఉప్పు పట్టి ఉంటుందమ్మా," అన్నారు సదాశివంగారు. "నాచుకి మనకన్నా బాగా తెలుస్తుంది. మట్టి పరీక్ష చేయించి చూద్దాం గాని, నాకు ఉప్పే అనిపిస్తోంది."

"అయ్యుండొచ్చండి," అంది హైమ. ఎందుకో ఆవిడకి గుండెల్లో ఎక్కడో తియ్యగా అనిపించింది. పండు కొరికినట్టు. వెంటనే ఆ తీపికి తనకే భయం వేసింది.

మర్నాడు తాయారు షెడ్డులోకి వచ్చింది. "అక్కా, దీన్ని ఒకసారి ముట్టుకోనా? మా ఊరంటే దీనికేమిటో కోపం, అడుగుతాను" అంటూ, హైమ అవుననే లోపే తొట్టిలో చెయ్యి ముంచింది.

నాచు కారం తగిలినట్టు వెనక్కి పోయింది. తొట్టి ఆ చివరకి పోయి ఉండలా చుట్టుకుంది.

తాయారు కిసుక్కుమంది. "చూడక్కా! దీనికి నేనంటేనే పడదు! ఆషాఢమంతా దీనికోసమే కదా కూర్చుని మట్టి పిసికాను. అక్కకి నలుసు తగలకూడదని ఈ రెండు చేతులతో ఏరి మరీ డబ్బాలకెత్తాను. విశ్వాసం లేని పిల్ల!"

నవ్వుకుంటూ చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది. హైమ తొట్టి చివర ఉండ చుట్టుకున్న నాచుని చూసింది. ఉప్పూ కాదు, ఏమీ కాదు. ఆ మట్టిలో ఈ పిల్ల చేతి చెమట ఉంది. ఆ చెమట ఉన్న మట్టిని నాచు ముందు పెట్టుకుని, నెలంతా తన చెయ్యి ఒకటే మాట చెప్పింది. ఇది నాకు పడదు, ఇది నాకు పడదు అని. చెప్పింది చెప్పినట్టు నేర్చుకుంది పిచ్చి నాచు.

పరీక్షలో ఉప్పు లేదని తేలింది. సదాశివంగారు ఫోను చేశారు. "ఏమంటావమ్మా? నాచుని నమ్మాలా, పరీక్షని నమ్మాలా? నీ మాట మీద పెడతాను."

వసారాలో శేషు తాయారు జడలో పూలు సర్దుతున్నాడు. వంకరగా పెట్టాడని ఆ పిల్ల వాడి చేతి మీద కొట్టింది. ఇద్దరూ నవ్వారు. హైమ చూసింది.

"నాచునే నమ్మండి," అంది. "లోతున ఉండి ఉంటుంది ఉప్పు."

అలా కొంగలదిబ్బని పటంలోంచి తీసేశారు. ఒక్క మాటతో. ఆ ఊరికి ఇంక ఏరు రాదు. కొంగలు రావు, చేప రాదు. గేదెలకి తాగను గుంట కూడా మిగలదు. ఆ రాత్రి హైమ నిద్రపోయిందా అని మాత్రం నన్నడక్కండి.

ఆవిడని కుదిపింది పెద్ద సంగతేం కాదు. రెండ్రోజుల తరవాత పెరట్లో బట్టలు ఆరేస్తుంటే, గోడ అవతల తాయారు వాళ్ళ నాన్నతో ఫోనులో మాట్లాడుతోంది. ఏడుపు ఆపుకుంటూ మాట్లాడుతోంది. "మా అక్క తప్పేం లేదు నాన్నా. ఆవిడ తిండి మానేసి చేసింది. మన నేలదే తప్పు. మన నేలలోనే ఏదో ఉంది నాన్నా."

తడి చీర హైమ చేతుల్లోంచి జారి మట్టిలో పడింది.

మళ్ళీ నేర్పుదామని చూసింది ముందు. దొంగచాటుగా, ఇంటిల్లిపాదీ మధ్యాహ్నం కునుకు తీస్తున్నప్పుడు, తొట్టిలో కొంగలదిబ్బ మట్టి కలిపి చెయ్యి పెట్టింది. తాయారు గురించి మంచివన్నీ తలుచుకుంది. జ్వరమొస్తే తనకి కాళ్ళు పట్టింది. అత్తగారికి పత్రిక చదివి పెడుతుంది. మంచి పిల్ల, బంగారం లాంటి పిల్ల అని పైకే అంది. నాచు ముడుచుకుంది. నోటితో ఎన్నైనా అంటాం, చెమటకి అబద్ధమాడటం రాదు. మర్నాడూ కూర్చుంది. మరీ ముడుచుకుంది.

గుమ్మంలోంచి తులశమ్మ గొంతు వినిపించింది. ఎంతసేపటి నుంచి నిలబడిందో. "ఏమే హైమా, ఆ నాచుకి నీ చెయ్యి తప్ప ఇంకేం తెలుసే?"

"అత్తయ్యా..."

"నన్నేం అడగకు. నాకు నేనుగా పెంచలేకపోయిన కొడుకుని నువ్వు పెంచుతుంటే, మంచంలో పడుకుని నేనెంత ఉడికిపోయానో నీకు తెలుసా? పో. వెళ్ళి తాయారుతో చెప్పు."

హైమ వెళ్ళింది. నూతి చప్టా దగ్గర తాయారు చేపలు తోముతోంది. ఎదురుగా కూర్చుని, కత్తిపీట తన వైపు లాక్కుని, తల వంచుకుని అంతా చెప్పింది. మునగాకు కూర, ఎర్రదారం కొంగ, వేడెక్కిన చెయ్యి, సదాశివంగారితో ఫోనులో అన్న మాట, అన్నీ.

తాయారు చేతిలో చేప అలాగే ఉండిపోయింది. మొహం తెల్లగా పాలిపోయి, తరవాత ఎర్రబడింది.

"అంటే, తెలిసీ ఉప్పన్నావా?"

"అన్నాను."

"నీ మరిది నాకు మొగుడైనందుకు మా నాన్న గేదెలు దాహంతో చావాలా అక్కా?"

హైమ ఒక చేపని అందుకుని పొలుసు గీకబోయింది.

"నీకొక్కదానికే ఉందనుకున్నావా కుళ్ళు?" తాయారు చేపని పళ్ళెంలో విసిరికొట్టింది. పొలుసులు ఇద్దరి మొహాల మీదా పడ్డాయి. "కూరలో ఉప్పు తగ్గితే వదిన. దుప్పటి మడతకి వదిన. వదిన ఇలా కాదు చేసేది, వదినైతే అలా చేసేది! జ్వరమొచ్చి పడుకుంటే కలవరింతలో కూడా వదినేనక్కా! పక్కన కూర్చుని తడిబట్ట వేసింది నేను, పిలిచింది నిన్ను. నేను అన్నం మానేసి ఎన్నిసార్లు పడుకున్నానో నీకు తెలుసా? కానీ నేను ఏ ఊరినీ ఎండగట్టలేదు!"

"నీ చేతిలో నాచు లేదు కనక," అంది హైమ.

ఆ మాటకి తాయారు విసిరేసిన చేపని మళ్ళీ చేతిలోకి తీసుకుని తోమింది.

"ఇంకో చేత్తో నేర్పించొచ్చా?" అంది తాయారు ఆఖరికి.

"చెయ్యొచ్చు. నేర్పని నాచు జాడీలో కొంచెం ఉంది. ఈ నెలంతా కూర్చుంటే భాద్రపదానికి అందుతుంది."

"ఎవరి చేత్తో?"

హైమ తాయారు చేతుల వైపు చూసింది. మరిదిని ఒకసారి ఇచ్చేసింది. ఇప్పుడు దీన్ని. మళ్ళీ ఈ పిల్లకే. ప్రపంచంలో ఇన్ని చేతులుండగా, కొంగలదిబ్బ మట్టినీ సుద్దేటి మట్టినీ సమంగా ప్రేమించే చెయ్యి ఇదొక్కటే ఉండాలా?

"నీ చేత్తో," అంది. పన్ను పీకినట్టు బయటకొచ్చింది ఆ మాట.

సదాశివంగారు వచ్చిన రోజున అందరి ముందూ నిలబడి చెప్పింది. "ఉప్పు కాదండి. ఈ నాచు పనికిరాదు. తప్పు నా చేతిది."

"చేతికి తప్పేమిటమ్మా?"

"నా చేతికి ఆ మట్టి పడదు. ఎందుకు పడదో నేను చెప్పను. నాచు చెప్పేసింది, చాలు."

అని, బకెట్టుతో సున్నం తెచ్చి తన తొట్టిలో తనే పోసింది. అన్నేళ్ళు పెంచిన నాచు బుసబుసమని పొంగి, తెల్లబడి, గట్టిపడిపోయింది. శేషు "వదినా!" అని కేకేశాడు, చిన్నప్పటి కేక. ఆవిడ వెనక్కి తిరగలేదు. పథకం కమిటీ వాళ్ళు ఆ రోజే రాసేశారు, హైమ చెయ్యి ఇంక ఏ తొట్టిలోనూ పెట్టరాదని. ఆవిడే తయారుచేసిన నాచు, ఆవిడే ముట్టుకోకూడదు. షెడ్డు బయట వసారాలో కూర్చుని, ఏం చెయ్యాలో లోపలికి కేకలేసి చెప్పడం వరకే ఆవిడ పని.

తాయారు పీట మీద కూర్చుంది. ఊరూరి మట్టీ, లాకుల మెట్ల ముందరి మట్టీ వరసగా తొట్టిలో కలుపుకుంటూ నెలంతా కూర్చుంది. లోపలి నుంచి ఆ పిల్ల నాచుతో కబుర్లు చెప్పే గొంతు వినిపిస్తుంటే, హైమకి వసారా స్తంభాన్ని పీకి పారేయాలనిపించేది.

"అంత లోతుకి పెట్టకు చెయ్యి!" అని అరిచేది.

"అక్కా, నువ్వు కాస్త అవతలికి వెళ్ళు," అని లోపల్నించి జవాబు. "నీ గొంతు వింటుంటే నా చెయ్యి వేడెక్కిపోతోంది!"

హైమ లేచి లాకుల మెట్ల మీదకి పోయి కూర్చునేది.

భాద్రపదంలో ఆనకట్ట తలుపులెత్తారు. తాయారు జాడీతో నడుంలోతు నీళ్ళలోకి దిగి తోడు వేసింది. జనం దాన్ని తాయారు నాచు అనడం మొదలుపెట్టారు. ఇప్పటికీ అదే అంటారు, మీరూ విన్నారుగా. హైమ పేరు దానికి ఉండేదని తెలిసినవాళ్ళు తక్కువ.

రెండు వానలు తిరిగేసరికి సుద్దేరు లేచింది. వంపులు తిరిగింది, బాడవల్లోకి వెళ్ళి ఒళ్ళు విరుచుకుని పడుకుంది. కొంగలదిబ్బ దగ్గరైతే నడుం వంచి ఊరిని చుట్టేసింది. తుంగ మొలిచింది, కొరమేను దిగింది, ఏ దేశాల నుంచో కొంగలు తోవ కనుక్కుని వచ్చాయి. తాయారు నాన్న మొదటి రోజు పట్టిన చేపలు బుట్టతో మోసుకొచ్చి హైమ కాళ్ళ దగ్గర పెట్టాడు. ఆయనకి ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఒక్క చోట మాత్రం ఏరు రాలేదు. లాకుల బంగళా మెట్లున్నాయి చూడండి, హైమ కూర్చునే మెట్లు. అక్కడికి వచ్చేసరికి నీళ్ళు కాస్త పక్కకి తప్పుకున్నాయి. ఎక్కువేం కాదు, మనిషి పడుకునేంత. మెట్టుకీ నీటికీ మధ్య పొడి ఇసుక. పైనా నిండుగా ఉంది, కిందా నిండుగా ఉంది. అక్కడే, ఆ మెట్ల ముందే.

హైమ చాలాసేపు చూసింది ఆ ఇసుకని. చూసి, "తాయారూ!" అని కేకేసింది.

తాయారు కొంగు దోపుకుంటూ వచ్చింది. మెట్లు చూసింది, ఇసుక చూసింది, హైమ మొహం చూసింది. తన చెయ్యి వెనక్కి దాచుకుంది.

"అదేం లేదక్కా... ఇసుక మేట వేసి ఉంటుంది."

"ఉప్పేమోనే," అంది హైమ.

తాయారు ఒక్క క్షణం బిక్కమొహం వేసింది. తరవాత నవ్వింది చూడండి, నవ్వలేక మెట్టు మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. హైమ నవ్వలేదు, నవ్వకూడదని పట్టుగా ఉంది. పట్టు నిలబడలేదు.

ఆ ఇసుక ఇప్పటికీ ఉంది. తోడు మార్చడానికి లేదని ముందే చెప్పాగా. ఆ తోడికోడళ్ళిద్దరూ సాయంత్రాలు దాని మీదే కత్తిపీట వేసుకుని చేపలు తోముకునేవారు, పులుసులో చింతపండు ఎంత వెయ్యాలని పోట్లాడుకుంటూ. శేషు వచ్చి మెట్ల మీద చెప్పులు విడిచి, ఏ పేరు పిలవాలో తెలియక, "ఏవండోయ్!" అని ఇద్దర్నీ కలిపి పిలిచేవాడు.

అందుకని మీరు అటు వెళ్ళినప్పుడు ఆ ఇసుక మీద ఒకసారి నిలబడి రండి. ఈ కథ గుర్తుంచుకోండి, మీ పిల్లలకి చెప్పండి. ఒక్కటే అడుగుతున్నాను. చెప్పేటప్పుడు హైమ మంచి మనసుతో ఇచ్చేసిందని మాత్రం చెప్పకండి, అందరూ అదే చెబుతారు. కుళ్ళుకుంటూనే ఇచ్చింది. ఇచ్చాక కూడా కుళ్ళుకుంది. అలాగే చెప్పండి.